గాయానికి వెల కట్టేదెవరు?

2025 మార్చి 26న భద్రాచలం పట్టణంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం ఒకటి కూలిపోయి ఇద్దరు కార్మికులు మరణించారు. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ మన చర్చ ఒకే వరుసలో నడుస్తుంది. భవనానికి అనుమతులున్నాయా అని మొదట అడుగుతాం. నిర్లక్ష్యం ఎవరిదని తరువాత అడుగుతాం. ప్రభుత్వం ఎంత ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుందో చూసి అంతటితో వార్తను ముగిస్తాం. ఈ మూడూ అడగవలసిన ప్రశ్నలే. అయితే వాటి నడుమ నాలుగవ ప్రశ్న ఒకటి తప్పిపోతుంది. పని చేయించుకున్న యజమాని చట్టప్రకారం ఎంత చెల్లించాలి, ఎవరి దగ్గర జమ చేయాలి, ఎన్ని రోజులలో చేయాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో 1923 నుంచీ రాతపూర్వకమైన సమాధానం ఉంది. ఎక్స్‌గ్రేషియా అంటే దయ. పరిహారం అంటే హక్కు. ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే ఈ నేల మీద దయ గురించి తెలియనివారు లేరు, హక్కు గురించి తెలిసినవారు బహు కొద్దిమంది. ఈ తేడా యాదృచ్ఛికం కాదనీ, దాని వెనుక కులం ఉందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ ప్రాంతంలోని పనులను ఒకసారి చూద్దాం. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. నేడు కొత్తగూడెం, మణుగూరు, సత్తుపల్లి దాకా గనులున్నాయి. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం, మణుగూరులో భారజల కర్మాగారం, సారపాకలో కాగితపు పరిశ్రమ, అశ్వారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఖమ్మం చుట్టూ గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు, పత్తి జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. గోదావరి ఒడ్డున మిర్చి తోటలు, మెట్ట మీద సుబాబుల్, జామాయిల్ నరుకుడు, వేసవిలో తునికాకు సేకరణ. పట్టణాలలో ఇళ్ల నిర్మాణం, మురుగు కాలువల శుభ్రత. పైకి ఇది అభివృద్ధి జాబితా. అదే జాబితాను ఎక్కడ వేలు తెగుతుంది, ఎక్కడ ఊపిరితిత్తులు పాడవుతాయి, ఎక్కడ మనిషి పై నుంచి పడతాడు అని చదివితే వేరే పటం కనిపిస్తుంది. యంత్రానికి దగ్గరగా, ఎత్తులో, దుమ్ములో, మురుగులో, చీకటిలో నిలబడే చోట మాల, మాదిగ, కోయ, కొండరెడ్డి, లంబాడా, వెనుకబడిన కులాల పేదలు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన గుత్తికోయలు ఉంటారు. యంత్రానికి దూరంగా, లెక్కల పుస్తకం ముందు, కాంట్రాక్టు సంతకం దగ్గర ఉండేవారి ఇంటిపేర్లు వేరు. ఈ సంగతి తెలుసుకోవడానికి సర్వే అక్కరలేదు. ఏ జిన్నింగ్ మిల్లు గేటు ముందయినా మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పే వేళ నిలబడితే చాలు.

కులం పనిని పంచడంతో ఆగదనీ, పని చేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీస్తుందనీ అంబేద్కర్ 1936లోనే వాదించారు. ఆ వాదనను మనం సాధారణంగా గౌరవం, అంటరానితనం, వివాహం వంటి విషయాలకు అన్వయిస్తాం. గాయానికి అన్వయించం. కింది మెట్టు మీద ఉన్నవాడికి తక్కువ కూలి, తక్కువ గౌరవంతో పాటు ఎక్కువ ప్రమాదం కూడా కేటాయింపు అవుతుంది. అంబేద్కర్‌కు ఈ సంగతి తెలియక కాదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో, 1943 డిసెంబరులో, ఆయన ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనులకు వెళ్లి భూగర్భంలోకి దిగి కార్మికుల స్థితిని చూశారు. తరువాతి సంవత్సరమే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను తలచుకునే మనం, గనిలోకి దిగిన కార్మిక మంత్రిగా ఆయనను అంతగా తలచుకోం. రెండవ అంబేద్కర్ ఈ ప్రాంతానికి మరింత దగ్గరివాడు.

ఇక గాయపడిన తరువాత జరిగే తంతు చూద్దాం. ఇటువంటి పంచాయితీలు కొన్నింటిని వెనుక వరుసలో నిలబడి విన్నాను గనుక దాని క్రమం నాకు బాగా తెలుసు. ప్రమాదం జరిగిన వెంటనే కార్మికుడిని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతారు. ఇంటి దగ్గర పడ్డానని రాయించు, పోలీసు కేసయితే నీకే తిప్పలు అని దారిలోనే చెబుతారు. మొదటి వారం మందుల ఖర్చు మేస్త్రీ పెడతాడు. రెండో వారం నుంచి ఫోను ఎత్తడు. నెల తరువాత ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు. యజమాని తరఫున ఒకరు, కులపెద్ద ఒకరు, ఏదో ఒక పార్టీ నాయకుడు ఒకరు. వాడు తాగి ఉన్నాడనే మాట అక్కడ తప్పకుండా వస్తుంది. నువ్వు మళ్లీ ఇక్కడే పని చేసుకోవాలి గదా అనే మాట కూడా వస్తుంది. చివరికి ఒక మొత్తం తేలుతుంది. స్టాంపు కాగితం మీద ఇకపై ఎలాంటి క్లెయిములు చేయనని వేలిముద్ర పడుతుంది. చాలాసార్లు ఆ మొత్తంలో ఆసుపత్రి ఖర్చులు మినహాయించుకుంటారు.

ఆ స్టాంపు కాగితానికి చట్టం ముందు విలువ లేదని ఆ గదిలో ఎవరూ చెప్పరు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం, 2010లో పేరు మారిన ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 17వ సెక్షనులో ఒక సంగతి స్పష్టంగా చెప్పింది. కార్మికుడు తన పరిహార హక్కును వదులుకునే ఏ ఒప్పందమైనా చెల్లదు. 8వ సెక్షను ఇంకా ముందుకు వెళ్లింది. మరణం సంభవించినప్పుడు పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేయాలి. గాయపడిన మహిళకు ఒకేసారి చెల్లించే మొత్తం విషయంలోనూ ఇదే నియమం. నేరుగా చేతికిచ్చిన డబ్బును పరిహారంగా లెక్కించరు. మృతుడి కుటుంబానికి మూడు నెలల వేతనం మేర ముందస్తుగా ఇవ్వడం ఒక్కటే మినహాయింపు. రాజీ కుదిరితే దాని వివరాలు కమిషనర్ వద్ద నమోదు చేయించాలని 28వ సెక్షను, నమోదు చేయించకపోతే యజమాని పూర్తి మొత్తానికి బాధ్యుడేనని 29వ సెక్షను అంటున్నాయి. వంద సంవత్సరాల నాటి వలస పాలకుల చట్టం కూడా యజమానికీ కార్మికుడికీ మధ్య ఒప్పందం సమానుల ఒప్పందం కాదని గుర్తించింది. మన పెద్దమనుషుల పంచాయితీ ఆ అసమానతనే ఆధారం చేసుకుని నడుస్తోంది.

తాగి ఉన్నాడనే ఆరోపణ గురించి కూడా ఒక మాట. ఆదివాసీ అనగానే తాగుబోతు అనే ముద్ర వేయడం మైదాన ప్రాంతపు పాత అలవాటు. పరిహారం ఎగవేతకు అది చౌకగా దొరికే ఆయుధం. మరణం గాని, శాశ్వత సంపూర్ణ వైకల్యం గాని సంభవించినప్పుడు ఈ సాకు చెల్లదని చట్టం 3వ సెక్షను చెబుతోంది. అంతకు తక్కువ గాయాలలో కూడా ప్రమాదానికి తాగుడే నేరుగా కారణమని తేలాలి. కులం గురించిన అపోహ సాక్ష్యం కాదు.

ఇప్పుడు లెక్కలు. మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వత సంపూర్ణ వైకల్యమయితే 60 శాతాన్ని, వయస్సును బట్టి చట్టంలోని పట్టికలో ఇచ్చిన సంఖ్యతో గుణించాలి. వేతనాన్ని గరిష్ఠంగా రూ.15,000 వరకు లెక్కిస్తారు. 2020 జనవరికి ముందు ఈ పరిమితి రూ.8,000గా ఉండేది. 25 ఏళ్ల వ్యక్తికి పట్టికలో ఉన్న సంఖ్య 216.91. నెలకు రూ.15,000 సంపాదించే 25 ఏళ్ల కూలీ పని మీద చనిపోతే కుటుంబానికి రావలసింది రూ.16,26,825. అదే కూలీకి బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తి 30 శాతం నష్టపోయినట్టు చట్టం లెక్కిస్తుంది. రావలసింది రూ.5,85,657. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే నష్టం 50 శాతం. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40 శాతం. వైద్యానికి అయిన అసలు ఖర్చు దీనికి అదనం. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం వరకు జరిమానా. ఈఎస్ఐ వర్తించే కర్మాగారాలలో ఈ బాధ్యత ఈఎస్ఐ సంస్థ మీద ఉంటుంది. రెండూ కలిపి రావు. ఈ అంకెలను స్టాంపు కాగితం మీద తేలిన మొత్తం పక్కన పెట్టి చూడండి. ఆ తేడాయే ఈ ప్రాంతంలో కులాధిక్యతకు నగదు రూపం.

ఆ పట్టికలో ఇంకొక అన్యాయం దాగి ఉంది. పరిహారం వేతనానికి ముడిపడి ఉంటుంది. మిర్చి ఏరే దళిత మహిళకు మగవాడి కంటే తక్కువ కూలి ఇస్తారు గనుక ఆమె చేతికి తక్కువ వెల వస్తుంది. బతికి పని చేసినంత కాలం తక్కువ కూలి, చేయి పోయాక తక్కువ పరిహారం. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చే యజమానికి తన తప్పే లాభంగా మారుతుంది. అందుకే పరిహారం లెక్కించేటప్పుడు ఇచ్చిన కూలిని గాక, ఇవ్వవలసిన కనీస వేతనాన్ని కనిష్ఠ ప్రాతిపదికగా తీసుకోవాలన్న డిమాండు కార్మిక సంఘాల దరఖాస్తులలో ముందు ఉండాలి.

తరువాతి చిక్కు, యజమాని ఎవరనేది. మేస్త్రీ నాకు తెలియదంటాడు, కాంట్రాక్టర్ వాడు నా మనిషి కాదంటాడు, అసలు యజమాని నేను కాంట్రాక్టు ఇచ్చేశానంటాడు. సింగరేణిలో శాశ్వత కార్మికుడికి సంస్థ ఆసుపత్రి ఉంది, కారుణ్య నియామకం ఉంది. అదే ఆవరణలో కాంట్రాక్టు కింద పని చేసేవాడి కొడుకుకు ఆ నియామకం లేదు. శాశ్వత ఉద్యోగం పోరాడి సాధించుకున్న భద్రత, దానిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ భద్రత చుట్టూ కంచె వేసి, కంచె బయట ప్రమాదకరమైన పనులను కాంట్రాక్టు పేరుతో అతి బీద కులాలకు వదిలిపెట్టడమే ప్రశ్నించవలసిన విషయం. చట్టం 12వ సెక్షను ప్రకారం తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చినవాడు కూడా పరిహారానికి బాధ్యుడే. చెల్లించాక కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవడం అతని పని. చేరి నెల కూడా కాలేదు, జీతం లెక్క ఎలా అనే అడ్డుపుల్లకు 5వ సెక్షనులో జవాబుంది. అదే పని చేసే మరొకరి సంపాదనను ఆధారంగా తీసుకోవచ్చు. రోజు కూలీ అనే కారణంతో పక్కన పెట్టే మినహాయింపును 2000 సంవత్సరపు సవరణ తొలగించింది.

ఇంతవరకు చట్టం బాగానే కనిపిస్తోంది. కాని దాని అమలులో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఎవరి మీద పడుతుందో చూస్తే కులప్రశ్న నేరుగా ఎదురవుతుంది. ఈ చట్టం అందరు కార్మికులకూ వర్తించదు. రెండవ షెడ్యూలులో ఇచ్చిన పనులకు మాత్రమే వర్తిస్తుంది. చెట్లు నరికే పని అందులో ఉంది, తాటిచెట్టు గీత ఉంది, అడవిలో మంటలార్పడం కూడా ఉంది. వ్యవసాయం దగ్గరకు వచ్చేసరికి ట్రాక్టరు గాని, యాంత్రిక శక్తితో, విద్యుత్తుతో నడిచే సాధనం గాని ఉన్న సేద్యంతో పాటు భూమి సాగు పని కూడా ఉంది. నూర్పిడి యంత్రంలో చేయి పడితే హక్కు. చేతితో మిర్చి ఏరుతూ పాము కరిచి చనిపోతే అదీ పని గాయమేనని చెప్పేవారు లేరు. యంత్రం ముట్టిన శ్రమ గాయాన్ని లోకం గుర్తిస్తుంది, వట్టి చేతుల శ్రమ గాయాన్ని వదిలేస్తుంది. ఈ దేశంలో వట్టి చేతులతో పరుల పొలంలో పని చేసేది ఎవరో అందరికీ తెలుసు. తునికాకు సేకరణలోనూ ఇదే కథ. కట్ట లెక్కన డబ్బిస్తాం గనుక వారు కూలీలు కారన్నది వాదన. ఆకు కోసే కోయ మహిళ మీద ఎలుగుబంటి దాడి చేస్తే అది అడవి జంతువు చేసిన గాయంగా నమోదవుతుంది, పని చేసిన గాయంగా కాదు.

దీని పక్కనే ఇంకొక పథకాన్ని ఉంచి చూద్దాం. తెలంగాణలో 2018 నుంచి అమలులో ఉన్న రైతు బీమా కింద పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.5 లక్షలు అందుతాయి. అది మంచి పథకం. కాని దానికి అర్హత సేద్యం కాదు, పట్టా. అదే చేనులో, అదే రోజున, అదే పిడుగు పడి రైతూ కూలీ ఇద్దరూ చనిపోతే ఆ బీమా ఒక ఇంటికే వెళ్తుంది. భూమి ఏ కులాల చేతిలో ఉందో, కౌలుదారులూ కూలీలూ ఏ కులాల నుంచి వస్తున్నారో తెలిసిన వారికి ఈ పథకపు సామాజిక స్వభావాన్ని వివరించనవసరం లేదు.

మిర్చి కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి దాటి వచ్చే ఆదివాసీలది మరింత అట్టడుగు స్థితి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ కాలాన, ములుగు జిల్లా పేరూరు దగ్గర మిర్చి పనులకు వచ్చిన బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక తోటివారితో కలిసి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు కొంత దూరంలో ఉందనగా చనిపోయింది. దేశమంతా ఆమె గురించి చదివింది. ఆమె మరణాన్ని మనం లాక్‌డౌన్ విషాదంగా గుర్తుంచుకున్నాం. పనికి తీసుకొచ్చినవాడి బాధ్యతగా, పనిస్థల భద్రత ప్రశ్నగా గుర్తుంచుకోలేదు. కాంట్రాక్టర్ ద్వారా రాష్ట్రం దాటించి తెచ్చిన కార్మికుడికి తీవ్రమైన గాయమైనా మరణమైనా సంభవిస్తే రెండు రాష్ట్రాల అధికారులకూ, కుటుంబానికీ తెలియజేయాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఆ రోజుల్లో అమలులో ఉంది. ఆ వయస్సు పిల్లను పనికి తేవడమే నేరం. అయినా బాల్యం పరిహారానికి అడ్డు కాదు. పరిహార పట్టికలో మొదటి వరుస 16 ఏళ్లు మించని వారితోనే మొదలవుతుంది.

అవతలి రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా ఉన్న గుత్తికోయకు ఇవతల ఆ ధ్రువపత్రం దొరకదు. రాష్ట్రం మారితే ఎస్సీ, ఎస్టీ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో తేల్చింది. ఆ తీర్పు న్యాయాన్యాయాలు వేరే చర్చ. ఇక్కడ చెప్పవలసిన సంగతి ఒక్కటే. పని గాయం పరిహారానికి కుల ధ్రువపత్రం అక్కరలేదు, స్థానికత అక్కరలేదు, పట్టా అక్కరలేదు. పని చేశాడు, పని వల్ల గాయపడ్డాడు అనే రెండు విషయాలు చాలు. వలస ఆదివాసీకి ఈ నేల మీద మిగిలిన అతి కొద్ది హక్కులలో ఇది ఒకటి. అందుకే దీనిని ఆయనకు తెలియజేయడం మరింత ముఖ్యం.

సరిహద్దు గురించి కూడా చెప్పాలి. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో, పట్టణం అంచున ఉన్న ఎటపాక ఆంధ్రలో మిగిలాయి. ఎటపాకలో నివాసం, భద్రాచలంలో పని, ఖమ్మంలో యజమాని కార్యాలయం. ఇలాంటి కార్మికుడిని ఇది మా పరిధి కాదని తిప్పి పంపడం తేలిక. అయితే చట్టం 21వ సెక్షను కార్మికుడికి ఎంపిక ఇచ్చింది. ప్రమాదం జరిగిన చోటా, తాను నివసించే చోటా, యజమాని రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోటా, ఎక్కడైనా క్లెయిము వేయవచ్చు. రాష్ట్ర సరిహద్దు గీసినవారు ఆదివాసీని అడగలేదు. కనీసం ఈ ఒక్క సెక్షను ఆ గీతను అతనికి అడ్డు కాకుండా చూస్తోంది.

మురుగు పని విషయంలో మాత్రమే న్యాయస్థానం గాయాన్నీ కులాన్నీ ఒకే చోట చూసింది. మురుగు కాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో మరణించినవారి కుటుంబాలకు రూ.10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో చెప్పింది. 2023 అక్టోబరులో బలరాం సింగ్ కేసులో దానిని రూ.30 లక్షలకు పెంచింది. వైకల్యం కలిగితే కనీసం రూ.10 లక్షలు, శాశ్వత వైకల్యంతో జీవనోపాధి కోల్పోతే కనీసం రూ.20 లక్షలు అంది. కులం కొందరిని ఒక ప్రమాదకరమైన పనిలోకి నెట్టినప్పుడు పరిహారం మామూలు లెక్కను దాటాలనే సూత్రం ఇందులో ఉంది. ఆ సూత్రాన్ని మురుగు కాలువ దగ్గరే ఎందుకు ఆపాలి? గ్రానైట్ దుమ్ము మింగే పనికి, జిన్నింగ్ మిల్లు రోలర్ల మధ్యకు నెట్టింది కూడా అదే శక్తి కాదా?

దుమ్ము గాయం కనిపించదు. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌ను, బొగ్గు దుమ్ము వల్ల వచ్చే న్యుమోకోనియోసిస్‌ను చట్టం మూడవ షెడ్యూలులో వృత్తి వ్యాధులుగా చేర్చింది. వాటికీ పరిహారం ఉంది. కాని ఛాతీ ఎక్స్‌రే చూసిన వైద్యుడు ఏం పని చేస్తావని అడిగితే తప్ప ఆ జబ్బు క్షయగానే మిగిలిపోతుంది. క్వారీలు మారి మారి పని చేసినవాడు ఏ యజమాని పేరు చెప్పాలో తెలియక నోరు మూసుకుంటాడు. బాధ్యతను పాత యజమానుల మధ్య పంచే ఏర్పాటు కూడా చట్టంలో ఉందని అతనికి చెప్పేవారు లేరు.

వైకల్యాన్ని కొలిచే తీరులోనూ జాగ్రత్త కావాలి. పింఛను కోసం ఇచ్చే సదరం ధ్రువపత్రంలో శరీర వైకల్యం శాతం ఉంటుంది. పరిహార చట్టం కొలిచేది సంపాదన శక్తి నష్టాన్ని. ఈ రెండూ ఒకటి కావు. 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను తేల్చింది. సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయిన ఒక వడ్రంగి ఎడమ చేతిని మోచేతి పైదాకా కోల్పోయాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు గనుక నష్టం నూటికి నూరు శాతమేనని, పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కోర్టు చెప్పింది. ఈ తీర్పును కులం వెలుగులో చదవాలి. చేయి పోయినవాడు వేరే పని చూసుకోవచ్చు గదా అని యజమాని తరఫు వకీలు అడుగుతాడు. చిన్న హోటలు పెట్టుకోవచ్చు, కిరాణా కొట్టు పెట్టుకోవచ్చు అంటాడు. ఊళ్లో మాదిగ పెట్టిన హోటలులో ఎందరు టీ తాగుతారు? పూచీ లేని కోయకు ఏ బ్యాంకు అప్పిస్తుంది? శరీరం ఒక్కటే పెట్టుబడిగా ఉన్నవాడికి, కులం మిగతా దారులు మూసేసినవాడికి, చేయి పోవడమంటే సంపాదన మొత్తం పోవడమే. కమిషనర్ల ముందు మనం చేయవలసిన వాదన ఇది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పరిహార నియమాలు సామాజిక భద్రతా కోడ్‌లోకి మారాయి. ఇంటికీ పనిస్థలానికీ మధ్య ప్రయాణంలో జరిగే ప్రమాదాలు, పనితో సంబంధం రుజువైతే, పరిహారం పరిధిలోకి వచ్చాయి. ట్రాలీ ఆటోలలో కిక్కిరిసి పొలాలకు వెళ్లే కూలీల దృష్ట్యా ఇది ఆహ్వానించదగినదే. భద్రతా నియమాల ఉల్లంఘన వల్ల మరణం గాని తీవ్రగాయం గాని సంభవిస్తే జరిమానాలో కనీసం సగం బాధితులకు ఇప్పించవచ్చన్న నిబంధన కూడా మంచిదే. మరోవైపు ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన కార్మికుల సంఖ్యను, కాంట్రాక్టు కార్మికుల నియమాలు వర్తించే సంఖ్యను పెంచారు. చిన్న మిల్లులు, చిన్న పాలిషింగ్ యూనిట్లు ఆ మేరకు భద్రతా తనిఖీకి దూరమవుతాయి. గాయం తరువాత డబ్బు గురించి కొంత ఉదారత, గాయం జరగకుండా చూసే బాధ్యతలో సడలింపు, ఇదీ కొత్త కోడ్‌ల స్వభావం. వర్తించే పనుల జాబితా మాత్రం షెడ్యూలు రూపంలోనే కొనసాగింది.

ఒక న్యాయమైన అభ్యంతరాన్ని ప్రస్తావించాలి. మిర్చి రైతు కూడా అప్పులలో ఉన్నవాడే, కౌలుదారయితే మరీ. అతను రూ.16 లక్షలు ఎక్కడి నుంచి తేగలడు? తేలేడు. అందుకే బాధ్యతను ఒక్క మనిషి మీద వదిలేయకూడదు. నిర్మాణ రంగంలో వ్యయం మీద సెస్సు వసూలు చేసి, 1996 చట్టంతో మొదలైన సంక్షేమ బోర్డును నడుపుతున్నాం. అదే పద్ధతిలో మిర్చి, పత్తి మార్కెట్ రుసుములో కొంత భాగంతో వ్యవసాయ కూలీల ప్రమాద నిధి ఏర్పాటు చేయవచ్చు. ఖమ్మం మార్కెట్ యార్డులో తూకమయ్యే ప్రతి మిర్చి బస్తాలో ఏరిన చేతి ప్రమాదం కూడా ఉంది. దాని ఖర్చును వ్యాపారి, ఎగుమతిదారు, ప్రభుత్వం పంచుకోవాలి. పట్టా లేని కూలీకి, కౌలుదారుకు రైతు బీమాతో సమానమైన బీమా కల్పించాలి.  ఆసుపత్రి రిజిస్టరులో గాయం ఎలా తగిలిందనే గడి పక్కన ఏ పనిలో, ఎవరి దగ్గర అనే గడి కూడా తప్పనిసరి చేయాలి.

విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. కులం మీద వ్యాసాలు చదువుతున్నాం, సభలు పెడుతున్నాం. దానితో పాటు ఒక చిన్న పని చేయవచ్చు. ప్రమాదం జరిగిన వారం రోజులలోగా బాధితుడి దగ్గరకు వెళ్లి ఆసుపత్రి కాగితాలు, కూలి చెల్లించిన ఫోన్‌పే రసీదు, మేస్త్రీ ఫోను నంబరు, పక్కన పని చేసినవారి పేర్లు రాసి పెట్టండి. క్లెయిముకు రెండేళ్ల గడువుందనీ, న్యాయ సేవా సంస్థల చట్టం 1987 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందనీ చెప్పండి. కోయ భాషలో, గోండీలో చెప్పగలిగినవారు ఉంటే మరీ మంచిది. ఆ పెద్దమనుషుల పంచాయితీకి మీలో ఒకరు వెళ్లి, ఈ కాగితం చట్టం ముందు చెల్లదు అని ఒక్కసారి పైకి అంటే చాలు, ఆ గదిలో బేరం మారుతుంది. వెల కట్టే అధికారం పెద్దమనుషుల చేతిలో నుంచి చట్టం చేతికి రావడం ఆ మాటతోనే మొదలవుతుంది.